సార్ పెట్టిన కొటేషన్ గుర్తులు ఎవరు తీశారు

మూడు వారాల కింద, శుక్రవారం పొద్దున, మా సార్ దవాఖానలో చనిపోయారు. అప్పుడు నేనేమీ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు. ఆయన పనిచేసిన, పాత రికార్డులు స్కాన్ చేసే సెంటర్ వాళ్లు ఆయన భార్యకు ఇంగ్లీషులో ఒక సంతాప లేఖ పంపారు. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: ‘ఆయన రాసిన ప్రోగ్రాంలోని లోపం వల్ల అక్కన్నపేట రికార్డులు పోయినప్పటికీ, ఆయన సేవలను సంస్థ మరువదు.’ ఆ లేఖ నకలు మాకు పని ఇచ్చిన ఆఫీసుకు కూడా వెళ్లింది. ఆ వాక్యం అబద్ధం. అది అబద్ధమని సెంటర్లో నలుగురికి తెలుసు, ఆ నలుగురిలో నేనొకదాన్ని. చనిపోయిన మనిషి జవాబు చెప్పలేడు కాబట్టి ఆయన మీద రాశారు. జవాబు నేను చెబుతాను.

ముందు ఆయన గురించి. సంతాప సభలో అందరూ ఆయన చాలా మంచివారు, మెతకవారు అన్నారు. ఆయన మెతక మనిషి కాదు. నోరు పెళుసు. ఒక్కసారి కూడా నన్ను బాగా చేశావని అనలేదు. మొదటి ఆరు నెలలు నేను ఆయనను తిట్టుకోని రోజు లేదు. ఎవరో మర్యాదస్తుడిని పోగొట్టుకున్నట్టు మాట్లాడినవాళ్లంతా తమకు తెలియని మనిషి గురించి మాట్లాడారు.

సిద్దిపేటలో టైపు ఇన్‌స్టిట్యూట్లు నడిచిన రోజుల్లో ఆయన టైపు నేర్పేవారట. అవి మూతపడ్డాక కంప్యూటర్లు నేర్చుకున్నారు. సెంటర్లో మా పని ఊళ్ల బళ్ల నుంచి పాత అడ్మిషన్ రిజిస్టర్లు తెచ్చి, పేజీ పేజీ స్కాన్ చేసి, ఊరి పేరుతో ఒక్కో ఫోల్డర్లో పెట్టడం. ఆ ఫోల్డర్లన్నీ ఉండే రెండు కంప్యూటర్లను సార్ చూసుకునేవారు. అవి లినక్స్ మీద నడిచేవి. బొమ్మల మీద నొక్కే పని ఉండేది కాదు, ఆదేశాలు టైపు చేయాలి. రోజూ చేసే పనులకు ఆదేశాలన్నీ ఒక ఫైల్లో వరుసగా రాసి పెడితే, దాన్ని షెల్ స్క్రిప్ట్ అంటారు. ఆ ఫైలు చదివి, అందులోని పనులు చేసిపెట్టే ప్రోగ్రాం పేరు షెల్.

మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. బాపు తాళ్లెక్కి కల్లు గీస్తాడు, అమ్మ కూలికి పోతుంది. డిగ్రీ పట్టా చేతికొచ్చిన నెలలోనే సెంటర్లో చేరాను. మొదటి రోజు సార్ ఏదో అడిగితే, నాకు కంప్యూటర్ డిగ్రీ ఉంది సార్ అన్నాను. ఆయన నా కాళ్ల వైపు చూశారు.

“చెప్పులతోటి పాటు డిగ్రీ గూడ బయట ఇడ్సి రా పిల్లా. లోపల దుమ్ము పడ్తది” అన్నారు.

నిజంగానే బయటికి పోయి చెప్పులు విడిచి వచ్చాను. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు.

ఆయన తన కీబోర్డు తానే తెచ్చుకునేవారు, పాత తువ్వాలులో చుట్టుకుని. ఇంకొకరిది ముట్టుకునేవారు కాదు, ఆయనది ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఏ స్క్రిప్ట్ అయినా ముందు పెన్నుతో పొడవాటి నోటుబుక్కులో రాసేవారు. గడుల కాగితం మీద, ఒక్కో గడికి ఒక్కో అక్షరం. రెండు మాటల మధ్య ఖాళీ వచ్చే చోట గడిలో చిన్న చుక్క పెట్టేవారు. ఎందుకని అడిగితే, “ఖాళీ గూడ అక్షరమే. కనవడకపోతె లేదనుకుంటరు, గదే మీ రోగం” అన్నారు. తెర మీద ఎర్రర్ వచ్చి నేను కంగారుపడితే ఆయన మాట ఎప్పుడూ ఒక్కటే: “ముంగట లైను చదువు. చదివినంక ఏడువు.”

చేరిన రెండో నెలలో నేనొక స్క్రిప్ట్ రాశాను. అది తప్పుడు ఫైళ్లు ఏరుతోంది. ఎందుకో ఎంతకీ అర్థం కాలేదు. సార్ దాన్ని చూశారు. ఒక చీటీ మీద ఏదో రాసి, మడిచి, పైన ‘టిఫిన్’ అని రాశారు.

“ఇయ్యాల నువ్వే షెల్‌వి. కింద హోటల్‌కు పో. టిఫిన్ అన్న చీటీ ఇప్పి, అండ్ల ఏమున్నదో చెప్పు. కని ఖాళీ వచ్చిన కాడల్లా మాట తెంపాలె. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ప్లేటు అడగాలె. నీ సొంత తెలివి వాడొద్దు, షెల్‌కు అది లేదు.”

చీటీ విప్పితే ‘ఉల్లి దోశ’ అని ఉంది. హోటల్లో కౌంటర్ దగ్గర నిలబడి, ఒక ప్లేటు ఉల్లి, ఒక ప్లేటు దోశ అని అడిగాను. హోటలాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. “ఉల్లి దోశనా అమ్మా?” అన్నాడు. కాదు, ఉల్లి ఒకటి, దోశ ఒకటి అన్నాను. “మీ పైనున్న ముసలాయనకు పైత్యం నెత్తికెక్కిందా ఏంది” అంటూనే తరిగిన ఉల్లిగడ్డలు ఒక ప్లేట్లో, సాదా దోశ ఒక ప్లేట్లో ఇచ్చాడు. పక్కన చాయ్ తాగేవాళ్లు నవ్వారు. నాకు చెవులు కాలాయి.

సార్ ఆ ఉల్లిగడ్డలను, ఆ దోశను విడివిడిగా, మొహంలో ఏ మార్పూ లేకుండా తిన్నారు. తింటూనే చెప్పారు. వేరియబుల్ అంటే మీద పేరు రాసిన చీటీ. పేరు ముందు డాలర్ గుర్తు పెడితే షెల్ ఆ చీటీ విప్పి, పేరు ఉన్న చోట లోపలి మాటలు పెడుతుంది. అది మొదటి పని. అక్కడితో ఆగదు. విప్పిన మాటల్లో ఖాళీ ఎక్కడ కనబడితే అక్కడ తెంపి, ఒక్కటిని రెండు చేస్తుంది. అది రెండో పని. నువ్వు మొదటిది చదువుకున్నావు, రెండోది ఎవరూ చెప్పలేదు, అందుకే నీ స్క్రిప్ట్ ఉల్లిగడ్డలు తెస్తోంది అన్నారు.

అయితే తెంపకుండా ఎలా ఆపాలి సార్ అని అడిగాను. చీటీకి రెండు వైపులా జంట కొటేషన్ గుర్తులు పెట్టమన్నారు. అప్పుడు షెల్ చీటీ విప్పుతుంది గానీ లోపలిదాన్ని తెంపదు, ఉల్లి దోశ ఒక్క ప్లేటులోనే వస్తుంది. ఒంటి గుర్తులు పెడితే అసలు విప్పనే విప్పదు, హోటలాయనకు చీటీ పేరే చెప్పి వస్తుంది. ఇక చీటీ ఖాళీగా ఉండి గుర్తులు లేకపోతే, అక్కడ ఒక చీటీ ఉండేదన్న సంగతే షెల్ మరిచిపోతుంది. అది అన్నిటికంటే ప్రమాదం అన్నారు.

నేను ఎన్నో పరీక్షలు రాసి పాసయ్యాను. ఆ మధ్యాహ్నం నేర్చుకున్నంత ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. అయినా ఆ రోజు నాకు కృతజ్ఞత లేదు, కోపమే ఉంది. ఇది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

ఇప్పుడు మా సెంటర్ ఇన్‌చార్జి సంగతి. ఆయన పేరు రాయను. సెంటర్లో వాళ్లకు అక్కర్లేదు, బయటివాళ్లకు అవసరం లేదు.

కొన్ని ఊళ్ల రిజిస్టర్లు మొదటిసారి మసకగా వచ్చాయి. అక్కన్నపేట, జగదేవ్‌పూర్, ములుగు. మళ్లీ స్కాన్ చేయాల్సి వచ్చింది. మసక ఫోల్డర్ పేరు చివర ఒక ఖాళీ వదిలి ‘ఓల్డ్’ అని చేర్చాలని, మంచి స్కాన్లకు ఊరి పేరు ఒక్కటే ఉండాలని ఇన్‌చార్జి పద్ధతి పెట్టారు. ఖాళీ వద్దు, మధ్యలో ఒక గీత పెడదామని సార్ అన్నారు. గీతలు పెడితే రిపోర్టులో అందం ఉండదని, ఓనర్‌కు నచ్చదని ఇన్‌చార్జి అన్నారు. పది నిమిషాలు వాదన జరిగింది. సార్ ఓడిపోయారు. ఓడిపోయి తన కుర్చీలోకి వచ్చి, మసక ఫోల్డర్లను తుడిచేసే స్క్రిప్ట్ తెరిచి, తుడిచే లైను నాకు చూపించారు. rm అంటే తుడిచెయ్యమని, folder అన్నది మసక ఫోల్డర్ పేరు ఉన్న చీటీ.

rm -r "$folder"

“చూసినవా. వాళ్ల అందానికి మనం కాపలా” అన్నారు. నా నోటుబుక్కులో ఆ లైను ఆయన చేతిరాతతోనే ఉంది, కొటేషన్ గుర్తులు రెండు గడుల్లో, స్పష్టంగా.

ఇంకో అలవాటు ఉండేది ఆయనకు. ఏ స్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం మార్చినా గోడకు వేలాడదీసిన పుస్తకంలో ఎవరు, ఎందుకు మార్చారో రాసి సంతకం పెట్టాలి. సార్ పెట్టేవారు, నేను పెట్టేదాన్ని. ఇన్‌చార్జి ఒక్కసారీ పెట్టలేదు.

అక్కన్నపేట రిజిస్టర్లను రెండోసారి స్కాన్ చేసింది నేనే. అది మా బడి. ఒక పేజీలో నా పేరు ఉంది, పక్కన బాపు వేలిముద్ర. మా ఇంటి నుంచి ఏ రిజిస్టర్‌కైనా ఎక్కిన మొదటి పేరు అది. నేను సార్‌కు చెప్పలేదు. ఆయన తెర మీద పేజీ పెద్దది చేసి చాలాసేపు చూసి, మళ్లీ తీయమన్నారు. తీశాను. ఇంకోసారి తీయమన్నారు. మూడోసారి వేలిముద్రలో గీతలన్నీ విడివిడిగా కనబడ్డాయి.

“ఇప్పుడు మనిషి ఆనవడుతుండు. పో, తర్వాత పేజీ” అన్నారు. ఆ పని శనివారం ముగిసింది.

సోమవారం సార్‌కు ఊపిరి ఆడక దవాఖానలో చేర్చారు. ఆయన భార్యకు తోడుగా రెండు రోజులు నేనక్కడే ఉన్నాను. మంగళవారం కంప్యూటర్లో జాగ నిండిపోయిందని ఇన్‌చార్జి ఆ తుడిచే స్క్రిప్ట్ నడపాలనుకున్నారు. ఉన్నది ఉన్నట్టు నడిపి ఉంటే నేను ఇది రాసేదాన్నే కాదు. కానీ పైన తన పేరు, సెంటర్ పేరు ఉండాలని, ఉత్తరాలు టైపు చేసే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని మొత్తం మళ్లీ టైపు చేశారు. ఆ సాఫ్ట్‌వేర్ నిలువు కొటేషన్ గుర్తులను అందమైన వంకర గుర్తులుగా మారుస్తుంది. వంకర గుర్తులు షెల్‌కు గుర్తులు కావు, ఉత్త అక్షరాలు. కాబట్టి ఏ ఫోల్డరూ దొరకలేదని చెప్పి ఆగిపోయింది. అది ఆగడమే మనకు మేలు. ఇన్‌చార్జి ఆ గుర్తులే తప్పనుకుని తీసిపారేశారు.

rm -r $folder

ఈసారి నడిచింది. జాగ ఖాళీ అయింది. ‘అక్కన్నపేట ఓల్డ్’ అన్న చీటీని షెల్ విప్పి, ఖాళీ దగ్గర తెంపింది. ముందు ‘అక్కన్నపేట’ను తుడిచింది. అది మంచి స్కాన్ల ఫోల్డర్. తర్వాత ‘ఓల్డ్’ కోసం వెతికితే ఆ పేరుతో ఏదీ లేదు. తుడవాల్సిన మసక ఫోల్డర్ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. మూడు ఊళ్లకూ ఇదే జరిగింది. జగదేవ్‌పూర్, ములుగులకు వేరే డిస్కులో నకలు ఉంది. అక్కన్నపేటకు లేదు. ఆ రిజిస్టర్లు స్కాన్ కోసం కుట్లు విప్పినప్పుడే పొడిపొడిగా రాలాయి, ఇంకోసారి తెరవడానికి పనికిరావు.

బుధవారం నేను పనికి వచ్చేసరికి తెర మీద లైన్లు అలాగే ఉన్నాయి. పైన వంకర గుర్తులతో చేసిన మొదటి ప్రయత్నం. కింద, ‘ఓల్డ్’ అనే ఫైల్ లేదని మూడు లైన్లు. ఎవరూ చదవలేదు. మంగళవారం ఆ గదిలో ఉన్న ముగ్గురు తాము చూసింది నాకు చెప్పారు. నేను ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను.

గురువారం ఆ ఫొటో సార్‌కు చూపించాను. చూపించి ఉండకూడదేమో, నాకు తెలియదు. ఆయన ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి కళ్లద్దాలు అడిగారు.

“ఓల్డ్ అన్న మాట ఒక్కటే సపరేటుగ వచ్చిందా?”

“అవును సార్.”

“అయితే కొటేషన్లు తీసిన్రు. ఉంటే ఆ మాట ఒంటిగ రాదు.” కాసేపు ఊపిరి తీసుకున్నారు. “అక్కన్నపేటకు నకలున్నదా?”

లేదన్నాను.

“శనివారమే తీయాల్సుండె. సోమవారం చూద్దామనుకున్న. గది నా తప్పు. రాసుకో.”

రాసుకున్నాను. ఇక్కడ కూడా రాస్తున్నాను. ఆయన తప్పు ఏదో ఆయనే చెప్పారు, అది అంతవరకే. మర్నాడు పొద్దున ఆయన లేరు.

తర్వాతి వారం ఇన్‌చార్జిని ఒంటరిగా కలిసి ఫొటో చూపించాను. ఆయన నోరు చేసుకోలేదు. కుర్చీ చూపించి, కూర్చోమన్నారు.

“చూడమ్మా, స్క్రిప్టు సార్‌దే గదా. నేను నడిపిన, అంతే. పైనోళ్లు ఎవరిదో ఒక పేరు అడుగుతరు. పోయినాయనకు ఏం ఫరక్ పడ్తది? మనకు రేపు పని ఉండాలె. నీ పేరు గూడ ఆలోచించుకో, అక్కన్నపేట స్కాన్ చేసింది నువ్వే.”

అది బెదిరింపు అని ఇంటికి పోయే దారిలో అర్థమైంది. అప్పుడు మాత్రం తలూపి లేచి వచ్చాను. సంతాప సభలో ఆయనే ఫొటోకు దండ వేశారు. దండ వేసి, చిన్న పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయని, మనం పెద్ద మనసు చేసుకోవాలని మాట్లాడారు. ఓనర్ చప్పట్లు కొట్టబోయి, సంతాప సభ అని గుర్తొచ్చి ఆగారు. నేను మూడో వరుసలో కూర్చుని ఉన్నాను. లేవలేదు. సార్ బతికి ఉంటే నన్ను ఏమని తిట్టేవారో నాకు తెలుసు, ఆ తిట్టు నాకు తగిందే.

మొన్న ఆదివారం సార్ ఇంటికి పోయాను. ఆయన భార్య నాకు చాయ్ ఇచ్చి, బీరువాలోంచి ఆ లేఖ తెచ్చారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లతో చదివించుకుంటున్నారు. మడతల దగ్గర కాగితం అప్పుడే నలిగిపోయింది. చదివి అర్థం చెప్పు బిడ్డా అన్నారు. చెప్పాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి కళ్లు కింది లైనుకు జారాయి, దాన్ని వదిలేసి ఆయన సేవలను సంస్థ మరువదని మాత్రం చెప్పాను.

ఆమె నా మొహం చూస్తూ ఉన్నారు.

“నడుమ ఇంకేందో ఉన్నది గదా” అన్నారు. “అందరు గాడికి రాంగనె ఒక్క తీరుగ ఆగుతున్రు. నాలుగు లైన్లల్ల మూడే చెప్తున్రు. బజార్ల ఏమేమో అంటున్రు. ఆయన నిజంగ తప్పు చేసిండా బిడ్డా? చేస్తే చేసిండని చెప్పు. నేనేమనుకోను.”

అప్పుడు మొత్తం చదివాను. తర్వాత దోశ సంగతి దగ్గర్నుంచి, ఇక్కడ రాసినట్టే, ఆమెకు అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు. గట్లనా అన్నారు. మరి వాళ్లకు చెప్పినవా అన్నారు. లేదన్నాను. చదువుకున్న పిల్లవు, నువ్వు గూడ భయపడితే ఎట్ల అని ఆమె అనలేదు. అనకుండా గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లారు.

అందుకే ఇన్‌చార్జికీ, ఓనర్‌కూ, అందరూ చదివేచోట ఇలా అడుగుతున్నాను. ఫొటో నా దగ్గరుంది, నోటుబుక్కు నా దగ్గరుంది, మార్పుల పుస్తకం మీ గోడకే ఉంది. మంగళవారం నాటి పేజీలో సంతకం ఎందుకు లేదో చెప్పండి. కొటేషన్ గుర్తులు ఉన్న లైను నడిచి ఉంటే ‘ఓల్డ్’ అన్న మాట తెర మీద ఒంటిగా ఎలా వచ్చిందో చెప్పండి. చెప్పలేకపోతే ఆ వాక్యం తీసేసి, అది తప్పని రాసి, ఆయన భార్యకూ, ఆ ఆఫీసుకూ కొత్త లేఖ పంపండి. మిగతా ముగ్గురు కూడా మీరు చూసిందేదో నాకు రాసి పంపండి. నా పని పోతే పోనివ్వండి, అది ఆలోచించుకునే రాస్తున్నాను.

నెల మాసికం ఇరవై రెండో తారీఖున. చుట్టాలందరూ వస్తారు, లేఖ మళ్లీ బయటికి వస్తుంది. ఇరవయ్యో తారీఖు సాయంత్రంలోగా మీ జవాబు ఆ ఇంటికి చేరాలి. తెలుగులో రాయండి, కొంచెం పెద్ద అక్షరాలతో. ఆమెకు తెలుగు వచ్చు. లైను కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతారు. ఒక్క మాట కూడా వదలరు.